మడుగు దెయ్యానికి పెట్టిన పులుసు

నేను కొట్టిన చప్పుడును మా ఊరు దెయ్యానికి కట్టబెట్టింది. ఆ దెయ్యానికి ఏటా కొర్రమేను పులుసు పెట్టింది. నాకు మాత్రం ఒక్క ముక్క పెట్టలేదు.

మాది కొల్లేటి లంక. దొరల రోజులు. ఒడ్డుకు దూరంగా లోతైన మడుగు ఒకటి ఉండేది. ఎప్పుడో అందులో మునిగిపోయిన జాలరి, మంచు పట్టిన పొద్దుటిపూట తెడ్డుతో దోనె అంచు మీద కొడతాడనీ, ఆ చప్పుడుకి అటు వెళ్లినవాళ్లు తిరిగి రారనీ చెప్పుకునేవారు. చప్పుడు వినబడితే చాలు, వెనక్కి చూడకుండా ఎదురు దిక్కుకి దోనె తోసెయ్యడం మావాళ్ల ఆచారం. నేను బడి మొహం చూడలేదు గాని, ఏలూరు నుంచి సరుకులు కట్టుకొచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. దెయ్యం సంగతి ఏ కాగితంలోనూ లేదని కనబడ్డవాళ్లందరితో వాదించేవాణ్ణి.

ఒక పుష్యమాసపు పొద్దున, ఎవరూ పోని మడుగులో చేపలు దండిగా ఉండాలి కదా అని తర్కం చేసుకుని ఒక్కణ్ణే బయల్దేరాను. మంచు కమ్మేసింది. దోనె కిక్కిస గడ్డి దుబ్బుల్లో ఇరుక్కుంది. దోనె తోసే గెడ బురదలో దిగబడి చేతికి రాలేదు. అరుద్దామంటే జలుబుకి గొంతు పూడిపోయింది. ఇంతలో మంచులో ఎక్కణ్ణుంచో ఆడవాళ్ల మాటలు. వాళ్లూ దారి తప్పినట్టున్నారు, ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. అందులో మా మేనత్త గొంతు గుర్తుపట్టి, ప్రాణం లేచొచ్చి, తెడ్డుతో దోనె అంచు మీద బలంగా కొట్టాను.

మాటలు ఆగిపోయాయి. ఆ తర్వాత నీళ్లు చిమ్ముకుంటూ వాళ్ల దోనె దూరమైపోయింది. నేను ఇంకా గట్టిగా కొట్టాను. వాళ్లు ఇంకా జోరుగా పోయారు.

మధ్యాహ్నం మంచు విడిచాక, గడ్డి కోసుకునేవాడెవడో చూసి నన్ను లాక్కొచ్చాడు. ఒడ్డున మా అత్త విస్తట్లో అన్నం, పులుసు వడ్డించి మడుగు వైపు దణ్ణం పెడుతోంది. మడుగు ఎటుందో ముందే చప్పుడు చేసి చెప్పి, తమను క్షేమంగా ఒడ్డుకు చేర్చిన మహానుభావుడట దెయ్యం. ఆ మహానుభావుడు నేనేనని గొంతు పెగల్చుకుని చెప్పాను. నైవేద్యం దగ్గర అడ్డం రావద్దని పక్కకు నెట్టారు. తెడ్డు తెచ్చి అందరి ముందూ కొట్టి చూపించాను. అచ్చం దెయ్యంలాగే కొడుతున్నావే అని మెచ్చుకున్నారు.

అప్పట్నుంచి ప్రతి పుష్యంలోనూ దానికి పులుసు, నాకు కోపం. చివరికి మా అత్తకి నడుం వంగిపోయాక, ఇంట్లో ఎవరూ లేని పూట చూసి అడిగేశాను.

"అత్తయ్యా, నిజం చెప్పండి. ఆ చప్పుడు నాదని మీకు తెలీదా అండీ?"

ఆమె చుట్ట పక్కన పెట్టింది.

"నువ్వు ఒడ్డెక్కినప్పుడే తెలిసిందిరా. నువ్వేనని ఒప్పుకుంటే, మేనల్లుణ్ణి మడుగులో వదిలేసి పారిపోయానని కూడా ఒప్పుకోవాలి. దెయ్యమైతే నాకా మాట రాదు. పులుసు కావాలంటే ఇలా కూర్చో, పెడతాను. చప్పుడు మాత్రం ఆయనదే."