రుమాలు కింద పాట

ఆ రోజుల్లో సర్కారు కచేరీలో గుమాస్తా అంటే మా పల్లెల్లో కలెక్టరంత లెక్క. ఆ సంగతి నా జీతానికి మాత్రం తెలియదు. అది ఒకటో తారీఖున వచ్చి, పదో తారీఖుకల్లా కిరాయికీ కిరాణా దుకాణానికీ సెలవు చెప్పి వెళ్ళిపోయేది. కొత్తగా పెళ్ళయి పాలమూరులో కాపురం పెట్టిన నేను మిగతా ఇరవై రోజులూ పొదుపు గురించి ఉపన్యాసాలిస్తూ గడిపేవాణ్ణి. వినేది మా ఇంటామె ఒక్కతే. కానీ నేను మాత్రం పెద్ద సభలో మాట్లాడుతున్నట్టే చెయ్యి ఊపేవాణ్ణి.

ఉపన్యాసాలకు కారణం లేకపోలేదు. పానగల్ దగ్గర మా ఊళ్ళో మా నాన్న, అదే బాపు, బావి తవ్వించాడు. దానికి చిట్యాల షావుకారు దగ్గర మడి కుదువబెట్టి అప్పు తెచ్చాడు. బావిలో నీళ్ళు పడ్డాయి గానీ అప్పు తీరలేదు. ఒక రోజు బాపు జొన్నల సంచి మోసుకుని మా ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి అన్నాడు: "బిడ్డా, ఉగాదిదాక ఆగుతడట. అప్పటికి నూటాఎనభై కట్టకుంటే మడి ఆయననే దున్నుకుంటడట. బాయి నేను తవ్విస్తి, నీళ్లు ఆయన తాగుతడు." ఆయన అన్నం సరిగ్గా తినకపోవడం నేనూ చూశాను, మా ఇంటామె కూడా చూసింది.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో పొదుపు రాజ్యమేలింది. దీపం వత్తి తగ్గింది. పులుసులో చింతపండు ఒకసారి పిసికి పారేయకుండా రెండోసారీ పిసికేవాళ్ళం. నేను చాయ్ మానేశాను (ఎవరైనా తాగిస్తే తాగేవాణ్ణి, అది మానడం కిందికే వస్తుంది). అయినా పైసలు నిలవలేదు. ఇంట్లో పది రూపాయలు పోగుపడితే చాలు, దాని వాసన పట్టినట్టు ఎవరో ఒక చుట్టం పెళ్ళి పిలుపుతో దిగేవాడు. అందుకని నేను రహస్యంగా ఒక చిట్టీలో చేరాను. రహస్యం ఎందుకంటారా? పెళ్ళయిన కొత్తలో నేనే ఆమెకు గొప్పగా చెప్పాను: చిట్టీలు దండగ, బుద్ధున్నవాడెవడూ కట్టడని. ఆమె కూడా వెంటనే, "మా తల్లిగారింట్ల చిట్టీ మాటెత్తితే ముద్ద గూడ ముట్టరు" అంది. అంత చక్కగా మనసులు కలిసిన దంపతుల మధ్య ఇప్పుడు చిట్టీ సంగతి ఎలా ఎత్తుతాను? జీతంలో ఏదో కోత పడుతోందని చెప్పాను. ఆమె పాపం నమ్మి, ఏమీ అడగలేదు.

అదే సమయంలో ఆమెకు భక్తి ముదిరింది. పొద్దంతా మోదుగాకు విస్తర్లు కుట్టేది. ఎందుకని అడిగితే, "గుడిల అన్నదానానికి మొక్కుకున్న" అంది. ఈనెపుల్లలు గుచ్చుకుని వేళ్ళు గరుకెక్కినా మానలేదు. ఇంత చిన్న వయసులో ఇంత భక్తి ఏమిటా అని నేను కొంచెం భయపడ్డాను కూడా.

మా చిట్టీ నడిపేది దలాలు తాత. పశువుల అంగడిలో ఎద్దుల బేరాలు కుదర్చడం ఆయన పని. అంగడిలో ధర నోటితో చెప్పరు. రుమాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టి నొక్కి చెబుతారు. తాత చిట్టీ పాట కూడా అట్లాగే నడిపేవాడు. ఎవరికి ఎంత అవసరముందో పదిమందిలో బయటపడకుండా ఉండాలని ఆయన నియమం. మొగవాళ్ళు ముందు అరుగు మీద కూర్చుంటే తాత ఒక్కొక్కరి చెయ్యీ రుమాలు కింద పట్టేవాడు. ఆడవాళ్ళు దొడ్డి వాకిలి నుంచి వచ్చి లోపల కూర్చుంటే, తాత భార్య కొంగు కింద వాళ్ళ వేళ్ళు పట్టేది. ఆ తర్వాత తాతా అవ్వా గుమ్మానికి అటూ ఇటూ నిలబడి లెక్క అరిచేవాళ్ళు. పేర్లుండవు. నేను అక్కడ 'కచేరి సారు'ని మాత్రమే.

ఉగాది ముందు పాట వచ్చింది. రెండు వందల చిట్టీ. ఎవరు ఎక్కువ వదులుకుంటే వాళ్ళకు దక్కుతుంది, వదులుకున్నది మిగతావాళ్ళు పంచుకుంటారు. ఇరవై వదులుకున్నా బాపు అప్పు సరిగ్గా తీరుతుంది. అంతకు మించకూడదని గట్టిగా అనుకుని వెళ్ళాను. పదికి మొదలుపెట్టాను. లోపల్నుంచి అవ్వ, "పన్నెండు!" అంది. నేను పదిహేను నొక్కాను. "పద్దెనిమిది!" ఇరవై నొక్కాను. "ఇరవై రెండు!"

అక్కడ ఆగాలి. ఆగితే నేను నేనెందుకవుతాను? లోపల ఎవరో మెడలో గొలుసు కోసం పాడుతోందని నాకు నేనే నిర్ణయించేసుకున్నాను. మా బాపు మడి కన్నా ఆమె గొలుసెక్కువా! ఇరవై అయిదు. ముప్పై. తక్కువ పడితే చేతి గడియారం అమ్మేస్తానులే అనుకున్నాను. మిగతావాళ్ళంతా ఎప్పుడో తప్పుకుని, తమ వాటాకు వచ్చే లాభం చూసుకుని మురిసిపోతున్నారు. తాత నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు: "సారూ, ఎద్దును కొంటలేవు. జర నిమ్మలం." నేను వినలేదు. అరవై ఎనిమిది నొక్కాను. లోపల్నుంచి "డెబ్బై!" అని వినపడింది. నా గడియారం అంత చేయదని అప్పుడు గుర్తొచ్చి చెయ్యి లాక్కున్నాను.

ఇంటికొస్తే తాళం. గడప మీద కూలబడ్డాను. బాపు మొహం కళ్ళ ముందు కదిలి నిజంగా ఏడుపొచ్చింది. కాసేపటికి మా ఇంటామె వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏడికి పోయినవ్?"

"గుడికి."

"గుడిల ఏడుస్తరా ఎవరన్న?"

అంతే, బయటపడిపోయింది. "ఇగ దాచుడు నాతోని కాదు. విస్తర్లు హోటలుకు అమ్మి చిట్టీ కట్టిన. మామ అప్పు తీరుస్తమని ఇయ్యాల పాడిన. నూటాముప్పయే చేతికొచ్చినయి. బయట ఎవడో పాడుగాను, నేనెంతంటే దాని మీద ఇంకో రెండేస్తడు! వాని చేతులిరగ! గింత ఇగురం, తెలివి లేనోడు ఏ ఇంట్ల పుట్టిండో!"

(పానగల్ దగ్గర, మా బాపు ఇంట్లో.)

నేను ఉండబట్టలేక, "లోపలామె మాత్రం తక్కువ మొండిదా?" అన్నాను.

ఆమె ఏడుపు ఆగింది. "లోపలామె సంగతి నీకెట్ల ఎరుక?"

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. ఆమె కూడా వాటి వైపే చూసింది. "అయ్యో నా తల్లీ... నువ్వా!" అని గోడకు చేరగిలబడింది. ముందు ఎవరు నవ్వారో నాకు గుర్తులేదు. నవ్వుతూనే ఇద్దరం మళ్ళీ ఏడ్చాం. ఎందుకంటే మడి ఇంకా షావుకారు చేతిలోనే ఉంది.

మర్నాడు సిగ్గు చంపుకుని ఇద్దరం తాత ఇంటికి పోయాం, ఈసారి ఒకే వాకిలి నుంచి. సంగతి విని తాత తలపాగా తీసి నేల మీద పెట్టి నవ్వాడు. అవ్వ మా ఇంటామెను పక్కన కూర్చోబెట్టుకుని, "గా సారు నీ మొగడాయె? ముందుగాల చెప్పొద్దా బిడ్డా!" అని తల నిమిరింది. సాయంత్రానికి ఆ వాడంతా పాకింది. మా కొట్లాటలో లాభం తిన్న సభ్యులందరినీ తాత పిలిచి, "వచ్చే నెల పాట లేదు. గా చిట్టీ సారుకే. ఎవలన్న కాదంటరా?" అన్నాడు. నవ్వాపుకుని కాదనే ఓపిక ఎవరికీ లేకపోయింది. తక్కువపడ్డ యాభై తాత, వచ్చే నెల చిట్టీలో పట్టుకుంటానని చెప్పి, అప్పటికప్పుడే తన రొంటినుంచి తీసిచ్చాడు.

ఉగాదికి ముందే ఇద్దరం బాపును వెంటబెట్టుకుని చిట్యాల పోయి బాకీ కట్టేశాం. షావుకారు మా ముందే కాగితం చింపేశాడు. బాపు ఆ ముక్కలు కూడా వదల్లేదు, ఏరి జేబులో వేసుకున్నాడు. ఊరికి నడిచి పోతుంటే అడిగాడు: "చిట్టీ ఎవరు పాడిండ్రు బిడ్డా?" నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి మా ఇంటామె మెల్లగా అంది: "ఇద్దరం పాడినం మామా."

అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ మాట బాపు ఊరంతా మోశాడు. ఏ ఇంట్లో మొగుడూపెళ్ళాలు కొట్లాడుకున్నా వెళ్ళి కూర్చుని, "మావోళ్లను చూసి నేర్చుకోండ్రి. ఒక్క మాట మీదుండి ఇద్దరు చిట్టీ పాడిండ్రు, నా మడి ఇడిపిచ్చిండ్రు" అని బుద్ధి చెప్పేవాడు. కన్నుమూసేదాకా చెబుతూనే ఉన్నాడు. మేం ఆయన మాట దిద్దలేదు. ఆ రుమాలు కింద చెయ్యి పెట్టి రొమ్ము విరుచుకుని కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ వాడి చెవి మెలిపెట్టి, ఇంట్లో ఒక్క మాట అడిగి రాకూడదట్రా అనాలనిపిస్తుంది. అడిగి వచ్చి ఉంటే ఆ డెబ్బైలో చాలావరకు మిగిలేది, నిజమే. కానీ మా బాపు కోసం నాకంటే ఎక్కువ పాడే మనిషి మా ఇంట్లోనే ఉందని వాడికి ఇంకెన్నేళ్ళకు తెలిసేదో!