శ్రావణంలో మిర్చి ఘాటు

మా మేడమ్ పోయారు. పర్చూరు నుంచి వాళ్ళ పక్కింటావిడ ఫోన్ చేసి ఆ మాట చెప్పేసరికి నేను గుంటూరులో, మా నర్సింగ్ కాలేజీలో, మేడమ్ రాసిన పుస్తకమే పట్టుకుని అంటువ్యాధుల పాఠం చెబుతున్నాను. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, "మీరు వెళ్ళండి మేడమ్" అని పిల్లలే పంపించారు.

ఆవిడ రాసినవి రెండు పుస్తకాలు. నర్సులకు గణాంకాలు నేర్పేది ఒకటి, రోగాలు ఊళ్ళలో ఎలా పాకుతాయో, వాటినెలా కనిపెట్టాలో చెప్పేది ఇంకొకటి. లెక్కల బాధ తప్పుతుందని నర్సింగులో చేరినవాళ్ళం మేము. ఇక్కడా లెక్కలేనా దేవుడా అని మొత్తుకుంటుంటే ఆవిడ నవ్వేవారు. "ఒక జాడీలో పచ్చడి ఉప్పు కషాయం, ఇంకో జాడీలో ఉప్పే లేదు. సగటున ఉప్పు సరిపోయిందంటే తింటారా? మరి ఊరికి సగటు చెప్పి ఊరుకుంటే ఎట్టా?" సగటు అనే మాట వింటే నాకు ఇప్పటికీ జాడీలే గుర్తొస్తాయి.

మూడో ఏడు మమ్మల్ని పల్లెలకు తీసుకెళ్ళారు. మిర్చి కోతల కాలం. కల్లాల నిండా ఎర్రగా ఆరబోసి ఉంటే ఊరంతా దగ్గే, మాతో సహా. దగ్గున్నవాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నాం. ఒక అరుగు మీద ముసలాయన దగ్గుతూ, "మిర్చి ఘాటేలే అమ్మాయ్, బాగానే ఉన్నా" అన్నాడు. నేను సరేనని పక్కింటికి నడిచాను.

వెనక నుంచి మేడమ్ కేక. "ఏమే, ఆగు! బాగున్నావా అన్నావు, బాగున్నానన్నాడు. అది పలకరింపు. నువ్వింకా ప్రశ్న అడగనే లేదు."

ఆయన పక్కనే అరుగు మీద చతికిలబడి, "పొద్దున ఏం తిన్నావు తాతా?" అన్నారు. ముసలాయన తల దించుకున్నాడు. లోపల్నుంచి కోడలు అందుకుంది. "ఏం తినటమండీ! కోతలు మొదలవకముందు నుంచీ ముద్ద దిగట్లా. ఆ చొక్కా చూడండి, ఎట్టా వేలాడతందో."

అంటే ఆ దగ్గు కోతల కంటే ముందుది. క్షయ అని తేలింది, మందులు మింగి కోలుకున్నాడు. ఆ తాత తరవాత మేడమ్ పుస్తకంలోకి ఎక్కాడు. నన్ను మాత్రం "ఒక విద్యార్థిని" అని పేరు లేకుండా వదిలేశారు. దయగల మనిషి.

పెళ్ళి చేసుకోలేదు ఆవిడ. రిటైరయ్యాక సొంతూరు పర్చూరులో ఒక్కరే ఉండేవారు. పోయిన వేసవిలో ఆ పుస్తకం రెండో కూర్పు కాగితాలు నాకు పంపి, "కళ్ళు ఆనట్లేదే, లెక్కలు నువ్వు సరిచూడు" అన్నారు. ఎంత మురిసిపోయానో! కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. కట్ట మాత్రం విప్పలేదు. పరీక్షలు, తనిఖీలు, ఏదో ఒకటి. ఆదివారం ఆదివారం ఆవిడ ఫోన్ చేసేవారు.

"అవుతోందా?"

"అవుతోంది మేడమ్. మీరు బాగున్నారా?"

"నాకేమే, బాగానే ఉన్నా." మధ్యలో దగ్గు.

"దగ్గేంటి మేడమ్?"

"మిర్చి ఘాటేలేవే."

సరే మేడమ్, జాగ్రత్త అని పెట్టేశాను.

అది శ్రావణ మాసం. శ్రావణంలో మావైపు మిర్చి నారు పోస్తారు. ఏ కల్లంలోనూ కాయ ఉండదు. ఈ నేల మీద పుట్టి పెరిగి, ఆ తాత కథ ఏటా పిల్లలకు చెప్పే నా బుర్రకు ఆ సంగతి తట్టలేదంటే మీరు నమ్ముతారా? నేనైతే నమ్మను. ఇంకొక్క ప్రశ్న అడిగితే పర్చూరు వెళ్ళాలి. వెళితే కట్ట విప్పలేదని ఆవిడ మొహం చూసి చెప్పాలి. అందుకే అడగలేదు. సిగ్గుపడాల్సిన నిజం ఇది.

నేను వెళ్ళేసరికి మేడమ్‌ని వసారాలో పడుకోబెట్టారు. చీరలో మనిషే లేనట్టుంది. పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఊపిరితిత్తులు పాడైపోయాయంట అమ్మా. మీకు చెబుతానంటే పడనివ్వలా. పిల్ల నా పుస్తకం పనిలో ఉంది, కదపమాకు అనేవారు. ఆదివారం మీతో మాట్లాడాలంటే ముందు వేణ్ణీళ్ళు తాగి, లేచి కూర్చునేవారు. గొంతు బాగా పలకాలని."

అవతల పిల్ల ఏ పనిలో ఉందో ఆవిడకి నేనేం చెప్పను?

దహనం అయ్యి అందరూ వెళ్ళేసరికి పొద్దు వాలింది. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, పక్కింటావిడే వాళ్ళింట్లో వండి గిన్నెతో తెచ్చి, అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"ఒంట్లో బాగానే ఉందా అమ్మా?"

"బాగానే ఉన్నానండీ."

ఆవిడ లేవలేదు. ఇన్నేళ్ళు మా మేడమ్ పక్కన బతికిన మనిషి. గిన్నె మీద మూత తీసి, నా మొహంలోకి చూస్తూ అడిగింది.

"పొద్దున ఏం తిన్నారమ్మా?"

మా ఇద్దరి మధ్యా గిన్నెలో అన్నం పొగలు కక్కుతూనే ఉంది.