వీరకుమారి పెయ్యదూడ

పామర్రు అవతల కాలవగట్టు మీద వీరకుమారి ఇల్లు. పాలు పితికేటప్పుడు ఆమె గేదె పొట్టకి తల ఆనించి కళ్ళు మూసుకుంటుంది. చేతులు మాత్రం ఆగవు. భర్త పోయాక ఆ పాలతోనూ, కూలి డబ్బుతోనూ అత్తనీ కూతురినీ నెట్టుకొస్తోంది. వేసవిలో కాలవలు కట్టేస్తే పొలం పనులుండవు. గేదె పెయ్యని ఈనినప్పుడల్లా ఆ నెలల్లోనే దాన్ని అమ్ముకుని బియ్యం కొనేది. ఆ సంగతి బేరగాడు సాంబయ్యకి బాగా తెలుసు. ఈ వేసవిలోనూ కొత్త పలుపు భుజాన వేసుకుని వచ్చాడు.

“ఏమ్మా కుమారీ, పెయ్యని విప్పమంటావా?”

“వద్దు బాబాయ్. ఈసారి పెంచుకుంటాం.”

“మరి పని లేనన్నాళ్ళూ తిండో? గడ్డి తింటారా దాంతోపాటు?”

“నిరుటి నుంచీ ఒకటో తారీఖుకల్లా పింఛను గుమ్మంలోకి వస్తోందిగా. బియ్యానికి అది చాలు.”

“అబ్బో! పింఛను చూసుకుని పాలకేంద్రం పెట్టేస్తావేంటి?”

“తల్లి వట్టిపోయినప్పుడు ఇది పాలిస్తే అంతే చాలు బాబాయ్.”

సాంబయ్య నవ్వాపి ధర పెంచాడు. మళ్ళీ పెంచాడు. వీరకుమారి పెయ్య వీపు మీద చెయ్యి వేసింది. కూతురి బడి ఖర్చులు కళ్ళ ముందు కదిలాయి.

“మూడు నాలుగేళ్ళు ఆగి రా. దీని పాలతో టీ పెట్టిస్తాను,” అంది చివరికి.

అంత దూరపు మాట తన నోట వచ్చినందుకు ఆమెకే సిగ్గేసింది. తట్ట అందుకుని పేడ ఎత్తడానికి వంగింది.