మధ్యలో నిలబడ్డ గీత

గాలిలో తిరిగే తరంగాలన్నీ మా తాతయ్య ఎదురుపడితే ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తాయి. నమ్మకపోతే మీ ఖర్మ. నలభై ఏళ్లు రేడియోల పొట్టలు విప్పి బాగుచేసిన మనిషి ఆయన.

ఆయనకి ఒక్కటే జబ్బు. ఎవరు ఏ ఫొటో తీసినా వచ్చి సరిగ్గా మధ్యలో నిలబడతాడు. మా అమ్మ పెళ్లి ఫొటో చూసినవాళ్లకి పెళ్లికొడుకెవరో ఇప్పటికీ అనుమానమే. కాస్త పక్కకి జరగమని అరిచి అరిచి అమ్మమ్మ గొంతు పోయింది.

దుకాణం మూతపడ్డాక, వైర్‌లెస్ పరికరాల నమూనాలు తయారుచేసే చిన్న కంపెనీలో ఆయనకొక బల్ల దొరికింది. తీగలు అతకాలి, యాంటెన్నాలు బిగించాలి. అయితే అక్కడి రేడియో చూసి మొదటిరోజే బిక్కమొహం వేశాడు. అరచేతంత డబ్బా, తిప్పడానికి ఒక్క మీటా లేదు. కంప్యూటర్లో ప్రోగ్రాము మారిస్తే అదే డబ్బా పొద్దున వాకీటాకీ, మధ్యాహ్నం ఫోన్ టవరు. సాఫ్ట్‌వేర్ రేడియో అట. అతకడానికేం మిగిలింది? ఆ సంగతి యజమానురాలికీ తట్టింది. నది నీటిమట్టం చెప్పే పరికరాన్ని శుక్రవారం కొనేవాళ్లకి చూపించాక, ఆ బల్లమీద ఇంకో కంప్యూటర్ పెడదామనుకుంటున్నట్టు మర్యాదగానే చెప్పేసింది.

ఆ సాయంత్రం తాతయ్య ఏమీ జరగనట్టే భోంచేశాడు. కానీ ఫొటో తీస్తానంటే వెళ్లి మూల నిలబడ్డాడు. ఇంటిల్లిపాదికీ భయం పట్టుకుంది.

గురువారం పొద్దున, నది పరికరం పంపే సన్నటి సిగ్నల్ కనబడాల్సిన చోట, తెరమీద నిటారుగా ఒక గీత నిలబడి దాన్ని మింగేసింది. ఎవరో మన ఫ్రీక్వెన్సీలోకి చొరబడ్డారన్నాడు పొడుగు ఇంజనీరు. ప్రోగ్రాములు రాయడంలో ఘనుడే గానీ రేడియో ముట్టుకోవడం ఇదే మొదలు. ఫ్రీక్వెన్సీ మార్చారు, గీత వెంటే వచ్చింది. లిఫ్టు ఆపించారు. వాచ్‌మన్ వాకీటాకీ లాక్కున్నారు. ఎదురు మేడమీది పళ్ల డాక్టరు చేత మిషను కట్టేయించారు. ఆ సమయంలో నోరు తెరుచుకుని కూర్చున్న మనిషి సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

తాతయ్య చూసి చూసి లేచాడు. యాంటెన్నా విప్పి జేబులో వేసుకున్నాడు. నది సిగ్నల్ మాయమైంది. గీత మాత్రం కదల్లేదు.

"చెవులు పీకేశాక కూడా బయటి మాట వినబడుతుందా, బాబూ?" అన్నాడు. "ఎటు తిప్పినా సరిగ్గా మధ్యలోనే ఉంటోందంటే అది ఎవడిదీ కాదు. ఈ డబ్బా సొంత నీడ."

"మరేం చేద్దాం, పెద్దాయనా?" అన్నాడు ఇంజనీరు.

తాతయ్య ఒకసారి తల గోక్కున్నాడు. చెప్పబోయే మాట ఆయనది కాదు మరి.

"మా ఆవిడ నాతో అనేదే. కాస్త పక్కకి జరగమను."

డబ్బాని అసలు ఫ్రీక్వెన్సీకి కొంచెం పక్కన నిలబెట్టి, ఆ తేడాని ప్రోగ్రాములో సరిచేశారు. గీత ఓ వారకి పోయింది, నది సిగ్నల్ శుభ్రంగా బయటపడింది. శుక్రవారం అంతా సవ్యంగా జరిగింది. కొత్త కంప్యూటర్ యజమానురాలి గదిలోకే వెళ్లింది. తాతయ్య బల్ల తాతయ్యకే ఉంది. ఆ రోజు తీసిన ఫొటోలో మధ్యలో ఎవరున్నారో చెప్పక్కర్లేదు.

ఇదంతా రాసి చదివి వినిపిస్తే తాతయ్య చివరిదాకా విన్నాడు.

"రేడియో సంగతి సరిగ్గానే రాశావు," అన్నాడు. "మధ్యలో నీ గోలేంటి? పక్కకి జరుగు."