మిర్చి బజ్జీల డెమో క్లాసు

మేము యూనివర్సిటీ హాస్టల్లో ఎమ్మే ఇంగ్లీషు వెలగబెడుతున్న కాలంలో తార్నాక చౌరస్తాలో రాయి విసిరితే అది ఏదో ఒక కోచింగ్ సెంటర్ బోర్డుకే తగిలేది. (నేను విసిరి చూశాను. రెండు బోర్డులకు తగిలి, తిరిగి నా చేతికే వచ్చింది. నమ్మకపోతే మీ ఇష్టం.) అలాంటి ఒక సెంటర్లో ఇంగ్లీషు సారు మానేశాడని తెలిసి పరుగున వెళ్లాను. చదువు అయిపోయింది, హాస్టల్ గది ఖాళీ చెయ్యమంటున్నారు. ఈ ఉద్యోగం రాకపోతే నరసాపురం బండెక్కి, మా నాన్నగారు ముందే మాట్లాడి పెట్టిన చర్చి స్కూల్లో ఒకటో తరగతి పిల్లల ముక్కులు తుడవాలి. హైదరాబాదుకు అంత నష్టం జరగడం నాకు ఇష్టం లేదు.

సెంటర్ యజమానిని అందరూ డైరెక్టర్ సాబ్ అనేవారు. ఆయన నా సర్టిఫికెట్ల వంకైనా చూడలేదు. "డెమో ఇయ్యి తమ్మీ. పిల్లలు ఓకే అంటే ఓకే. లేకుంటే ఖుదా హాఫిజ్" అన్నాడు. కోచింగ్ సెంటర్ల ఆచారమే అది: కొత్త సారు పాఠం చెప్పి బయట నిలబడాలి, లోపల పిల్లలు తీర్పు చెప్పాలి. నాకు ముందు వచ్చిన ఒక గోల్డ్ మెడలిస్టు ఆ తీర్పు విని అటునుంచి అటే లా కోర్సులో చేరిపోయాడట.

నాకిచ్చిన పాఠం 'ఇవాల్యుయేట్' అనే క్రియ, అర్థం, వాడుక. "ఇవాల్యుయేట్ అంటే విలువ నిర్ణయించడం" అని మొదలుపెట్టి బోర్డు నిండా రాశాను. పిల్లల ఆవలింతల గాలికి ఫ్యాను అవసరం లేకుండా పోయింది. చివరి బెంచీలోంచి, రామంతాపూర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది. "సార్, గిది డిక్షనరీల గూడ ఉంటది గద. ఇగ మీరెందుకు?"

క్లాసంతా ఘొల్లుమంది. నా చెవిలో నరసాపురం బండి కూత పెట్టింది. చాక్‌పీసు అక్కడే పడేసి, మెట్లు దిగి, వీధి మలుపులో పక్కపక్కనే ఉన్న రెండు బండ్ల నుంచీ మిర్చి బజ్జీలు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాను. "తినండి. ఏది మంచిది?"

"రెండూ సూపర్ సార్!"

"సూపరంటే మెచ్చుకోవడం. ఎందుకు, దేనికంటే, ఎంత మేరకు అని చెప్పగలిగితే ఇవాల్యుయేట్ చెయ్యడం. చెప్పండి, ఇంగ్లీషులో!"

ఇంక చూడాలి. మొదట ఇంగ్లీషులో, నోరు మండాక తెలుగులో తీర్పులు మొదలయ్యాయి. "దీనికి పిండి మస్తు మందం సార్, మిరపకాయ దాకా పోయేసరికి పొద్దు గూకుతది." "అరే, దాంట్ల వాము ఏది? కారం ఒక్కటుంటే అయితదా?" (ఆ వాదన వినడానికి సికింద్రాబాద్ బస్సు కిటికీ కింద ఆగిందని అంటే మీరు నమ్మరు కాబట్టి అనను.)

"ఏందిది, క్లాసా, బజ్జీల బండా?" అంటూ డైరెక్టర్ సాబ్ వచ్చాడు. ఆచారం ప్రకారం తీర్పయ్యేదాకా నన్ను బయటికి నడవమన్నాడు. "అక్కర్లేదండి. నా ముందే ఇవాల్యుయేట్ చెయ్యనివ్వండి" అన్నాను. గడప దాటకుండా అక్కడే నిలబడ్డాను, ఆ ఘనత నాది.

రామంతాపూర్ అమ్మాయే లేచింది. "మొదట్ల నిద్రొచ్చింది. సార్ రాత చీమలు పాకినట్లున్నది. ముచ్చట గోదారి లెక్క సాగుతనే ఉంటది. కానీ ఇయ్యాల్టి సంది ఉత్తగ సూపర్ అనాలంటే సిగ్గయితది. గందుకే మాకు ఈ సారే కావాలె."

"రేపటి సంది రా తమ్మీ" అన్నాడు డైరెక్టర్ సాబ్. "గోడలకు నూనె చేతులు తుడిచిన్రంటే మాత్రం నువ్వే సున్నం కొట్టాలె!"

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీలో టర్మ్ చివర పిల్లలు ఫోన్లలో నాకు రేటింగ్ చుక్కలు వేస్తున్నారు, ఐదుకు ఐదు. వాటిని ఇంట్లో చూపించి గొప్పలు పోతాను కూడా. అయితే నిద్రొచ్చిందని మొహం మీదే చెప్పి, ఆ వెంటనే నేనే కావాలని పట్టుబట్టినవాళ్లు మళ్లీ దొరకలేదు. మెట్రోలో తార్నాక దాటుతుంటే ఆ సెంటర్ ఉన్న పాత మేడ కనిపిస్తుంది. నా ఛాతీ దానంతటదే పొంగుతుంది, పక్కనున్నాయన "జర జరుగుండ్రి పెద్దాయనా" అంటాడు.