నేను చెరిపేసిన నెబ్యులా

ఇరవై ఏళ్లుగా గాజువాకలో ఫొటో స్టూడియో నడుపుతున్నవాణ్ని, ఒక నక్షత్రపు మేఘాన్ని మొటిమ అనుకుని తుడిచేశాను. ఇది 2023 నవంబరులో, దీపావళి పొగ తగ్గిన వారం జరిగింది.

పద్మనాభం మండలం వైపు బడిలో సైన్సు చెప్పే సరోజినిగారు ప్లానెటరీ నెబ్యులా ఫొటో కావాలన్నారు. నక్షత్రం ముసలిదై వదిలేసిన వాయువుల పొర అది. గ్రహాలతో దానికి ఏ చుట్టరికమూ లేదు. పాత టెలిస్కోపుల్లో గ్రహంలా గుండ్రంగా కనబడి ఆ పేరొచ్చింది. సోమవారం ప్రదర్శనలో ఆమె పిల్లలు దాన్ని పెట్టాలంటే తమ ఊరి ఆకాశంలో తీసిందే ఉండాలి. ఇంటర్నెట్‌ది చెల్లదు.

భూమి తిరుగుడుకు తగ్గట్టు కెమెరాను తిప్పే ట్రాకర్ అద్దెకు తెచ్చాను. చీకటి పడగానే పొలం గట్టున నిమిషానికొకటి చొప్పున అరవై ఫ్రేములు తీశాను. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చడాన్ని స్టాకింగ్ అంటారు. పేర్చి చూస్తే మధ్యలో పచ్చటి మరక. పెళ్లికూతుళ్ల బుగ్గలు నున్నగా చేసిన చెయ్యి ఊరుకుంటుందా? మరక తుడిచి, అలవాటు కొద్దీ అసలు ఫ్రేములున్న మెమరీ కార్డు కూడా ఖాళీ చేసి, ఫొటో పంపించాను.

సరోజినిగారు ఫోన్ చేశారు. "పందిరుందండి, పేరంటాళ్లున్నారు. పెళ్లికూతురేదీ?"

స్టూడియోలో భాగస్వామి మా బావ అప్పారావు వారమంతా వదల్లేదు. "ఏటి బావా, ఆకాశానికి కూడా ఫేషియల్ సేసినావా?"

సరోజినిగారే ఊరడించారు. రెండున్నర శతాబ్దాల కిందట దీన్ని మొదట చూసిన ఫ్రెంచాయన తోకచుక్కల వేటగాడట. ఇది తోకచుక్క కాదని తేలాక, ఇంకెవరూ మోసపోకూడదని పనికిరాని మసకల జాబితాలో రాసుకున్నాడట. ఆ జాతిలో మనిషి కంటపడ్డ మొదటిది అదేనట. "ఆయన మసకే అన్నా రాసి ఉంచాడండి," అని ఆగారు. మిగతాది నాకర్థమైంది.

ఆదివారం ప్రింటుకు పోతే, మళ్లీ తీయడానికి మిగిలింది శనివారం సాయంత్రమొక్కటే. చూస్తే నెలవంక పెరుగుతోంది. అది దిగేదాకా ఆగితే నెబ్యులా కూడా దిగిపోతుంది. పైగా ఆ రోజే ఒప్పుకున్న పెళ్లి. పెళ్లికి బావను పంపి, నేను గట్టెక్కాను. వెన్నెల తెల్లదనాన్ని గెలవడానికి ఈసారి రెట్టింపు ఫ్రేములు తీశాను. లాప్‌టాప్‌లో నడుం సన్నబడ్డ డమరుకంలా మరక తేలగానే, పక్కనే కూర్చున్న సరోజినిగారు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. "ఇంక దీన్ని ముట్టుకోకండి."

ముట్టుకోలేదు. సోమవారం అది ప్రదర్శనలో నిలబడింది. అప్పట్నుంచి ఏ మచ్చ తీయాలన్నా ముందు అదేమిటో అడుగుతున్నాను.

మొన్న బావ మా ఫొటోగ్రాఫర్ల యూనియన్ ఎన్నికల ఫ్లెక్సీకి ఫొటో దిగి, ముక్కు పక్క పులిపిరి తీసెయ్యమన్నాడు. అలాగే బావా అన్నాను. ఇప్పుడా పులిపిరి జంక్షన్‌లో పన్నెండడుగుల ఎత్తున, దిబ్బరొట్టెంత వెడల్పుతో, ట్రాకర్ అవసరం లేకుండా కనిపిస్తోంది.