ఆరో పలక మీది అంకె

1969 సెప్టెంబరు, రెండో ఆదివారం, ఉదయం పది గంటలు. నారాయణగూడలో మా ప్రొఫెసర్ గారి ఇల్లు. ఉన్నవాళ్ళు నలుగురు: ప్రొఫెసర్ గారు, ఆయన భార్య సుభద్రమ్మ గారు, నాతోపాటు పరిశోధన చేస్తున్న నర్సింగ్, నేను.

నా డైరీలో ఆ పేజీ ఇలాగే మొదలవుతుంది. దయ్యాలు, పూనకాలు, జాతకాలు, వీటిలో దేన్నీ నేను లెక్కలోకి తీసుకున్నవాణ్ణి కాదు. నక్షత్రాల మీద పనిచేస్తానని తెలిసి జాతకం చూడమన్న బంధువులను విసుక్కునేవాణ్ణి. అందుకే జరిగింది జరిగిన వరుసలోనే రాస్తాను.

మా యూనివర్సిటీ భౌతిక, ఖగోళ శాఖలో వర్ణపటాల వాళ్ళు, స్ఫటికాల వాళ్ళు, అల్ట్రాసోనిక్స్ వాళ్ళు ఉండేవారు. నర్సింగూ నేనూ నక్షత్రాల విభాగం. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే ఒక నక్షత్రాన్ని ఫోటో తీసిన గాజు పలకలు మా సామగ్రి. పలక మీద నక్షత్రం నల్లచుక్కలా ఉంటుంది. దాన్ని పక్కనున్న రెండు మారని నక్షత్రాలతో పోల్చి, భూతద్దంలో చూసి, సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయాలి. ప్రతి పలకనూ ఇద్దరు విడివిడిగా చూడాలని నియమం. ఏ ఇద్దరి కళ్ళూ ఒకటి కావు కాబట్టి అక్కడక్కడ ఒకటో రెండో తేడా రావాలి. తేడా ఉంటేనే ఇద్దరూ నిజంగా చూశారని నమ్మకం.

ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ గొడవలతో యూనివర్సిటీ మూతపడింది. పలకల పెట్టె ముందు అశోక్ నగర్‌లో నా గదికి, తర్వాత చిక్కడపల్లిలో నర్సింగ్ ఇంటికి వెళ్ళింది. నలభై పలకలు. అతని అంకెలూ నా అంకెలూ నలభైకి నలభై కలిశాయి. ఒక పలకను నేను పొరపాటున తిరగేసి, వేరే నక్షత్రానికి అంకె వేశాను. అక్కడ కూడా అతనిది అదే అంకె.

పెట్టె తీసుకెళ్ళడానికి నా గదికి వచ్చినప్పుడు నర్సింగ్ నా నోటుబుక్కు చూసి రాశాడని ప్రొఫెసర్ గారికి చెప్పాను. నేను గుంటూరు వైపు వాణ్ణి, అతను ఇక్కడివాడు. ఆ ఏడాది ఇటువాళ్ళం, అటువాళ్ళం ఒకరినొకరు అలాగే చూసుకున్నాం. నా అనుమానంలో అది ఎంత పాలో విడదీసి చెప్పలేను.

సోమవారం ప్రొఫెసర్ గారు నర్సింగ్ ఫెలోషిప్ కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే అతను చదువు మానేసి సుల్తాన్ బజార్‌లో మేనమామ బట్టల కొట్లో కూర్చోవాలి. అందుకే ఆదివారం మా ఇద్దరికీ పరీక్ష పెట్టారు. మేమెన్నడూ చూడని పది పలకలు తీసి ఉంచారు.

“నా జేబులు చూస్కో అన్నా, నీ కళ్ళు దొరుకుతయేమో,” అన్నాడు నర్సింగ్ వస్తూనే. నేను నవ్వలేదు.

పది నుంచి పదకొండున్నర దాకా అతను వెనక గదిలో కూర్చుని పలకలు చూశాడు. అంతసేపూ నేను ముందు గదిలో ప్రొఫెసర్ గారి ఎదుటే ఉన్నాను. నర్సింగ్ తన కాగితం మడిచి సుభద్రమ్మ గారి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళాడు. తర్వాత పలకలు నా దగ్గరికి వచ్చాయి. ప్రొఫెసర్ గారు పేపరు చదువుకుంటున్నారు. సుభద్రమ్మ గారు అదే గదిలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

నేను నాలుగో పలక చూస్తుండగా నర్సింగ్ టీ గ్లాసు తెచ్చి పెట్టాడు. నా కాగితం వైపు ఓరగా చూశాడనిపించింది. అతని కాగితాన్ని సుభద్రమ్మ గారు వంటింట్లోనే పెట్టి ఉంటారని, గ్లాసు కోసం మళ్ళీ వచ్చి నా అంకెలు చూసుకుని, వెళ్ళి దిద్దుకుంటాడని ఊహించాను. సుభద్రమ్మ గారికి అతనంటే అభిమానం. ఆవిణ్ణి కూడా అనుమానించాను.

ఆరో పలకలో నాకు కనిపించింది నాలుగు. కావాలనే తొమ్మిది రాశాను. పైకి ఏమీ అనలేదు. నర్సింగ్ మళ్ళీ ఆ గదిలోకి రాలేదు. నేను ముగించేసరికి ఖాళీ గ్లాసు ఇంకా నా పక్కనే ఉంది.

“అతని కాగితం ఏదీ?” అన్నారు ప్రొఫెసర్ గారు.

సుభద్రమ్మ గారు కొంగు ముడి విప్పి తీసిచ్చారు. “వంటింట్లో పెడితే తడుస్తుందని ముడేసుకున్నానండీ.”

పదికి పది అంకెలూ కలిశాయి. ఆరోదానికి తొమ్మిది.

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. పిలిస్తే వచ్చిన నర్సింగ్ ముఖం పాలిపోయింది. “నేను వంటింట్లకెళ్ళి కదల్లే సార్. ఒక్కసారి టీ ఇచ్చిన, గంతే.”

“రేపు చెప్తాను. వెళ్ళండి,” అన్నారాయన.

నిజం చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. ఇంటికి నడిచి వెళ్తూ గంటలు సరిచూసుకున్నాను. అతను ఆ తొమ్మిది రాసేటప్పటికి తప్పుడు అంకె వేయాలన్న ఆలోచనే నాకు రాలేదు. కళ్ళ అలవాటు కలవచ్చు. పలక మీద లేని అంకె, నేను అప్పటికి అనుకోని అంకె, అతని కాగితంలోకి ఎలా వచ్చిందో ఆ రోజు తెలియలేదు, ఈ రోజుకీ తెలియదు.

మర్నాడు ఉదయం ఏడు గంటలకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ప్రొఫెసర్ గారు ఆరో పలకను కిటికీ వెలుతురుకి ఎత్తి చూశారు. “నాలుగే,” అన్నారు. పలకను బల్ల మీద పెట్టి నా వైపు తిరిగారు.

“అతని కాగితం మా ఆవిడ కొంగులోకి వెళ్ళాక నువ్వు రాశావు. నకలంటూ ఉంటే అది నీదే కావాలయ్యా. అది ఎలాగో నాకు తెలియదు. కానీ తెలిసి తప్పుడు అంకె వేసినవాణ్ణి ఈ పలకల దగ్గర ఉంచలేను.”

నా ఎదుటే నర్సింగ్ కాగితం మీద సంతకం పెట్టారు. నన్ను స్ఫటికాల విభాగానికి మార్చారు.

బయటికి వస్తే గేటు దగ్గర నర్సింగ్ సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కిటికీ తెరిచే ఉంది, అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను.

“నాకు కూడ నాలుగే కనబడ్డదన్నా,” అన్నాడు మెల్లగా. “చెయ్యి తొమ్మిది రాసింది. కొట్టేద్దామనుకున్న. దిద్దింది చూస్తే నువ్వు ఇంకింత అనుమానపడ్తవని గట్లనే ఉంచిన.”